నాయన కొట్టాల్సిన టెంకాయ

మా అమ్మ కోర్టులో చెప్పిన ఒక్క మాటకి మా అన్నకి యావజ్జీవం పడింది. అబద్ధం చెప్పి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. ఆమె నమ్మిందే చెప్పింది. అదీ తల ఎత్తి, గట్టిగా, జడ్జి గారు రెండోసారి అడగాల్సిన పని లేకుండా చెప్పింది.

ముందు జరిగింది చెప్పేస్తాను, దాచడానికి ఏమీ లేదు. నాలుగేళ్ళ కింద, మిరప తోటకు నీళ్ళు కట్టే రోజుల్లో, మా అన్న రుద్రేశ్ కాలవ గట్టు మీద మా నాయన మారన్నను పారతో కొట్టి చంపాడు. పట్టపగలు పదకొండు గంటలకి, పక్క చేలో కూలికొచ్చిన ఇద్దరు చూస్తుండగా. తర్వాత ఆ పార భుజాన వేసుకుని ఇంటికి నడిచి వచ్చాడు. పోలీసులు వచ్చేసరికి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనప్పుడు బళ్ళారిలో ఉన్నాను. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో వెనక జేబులు కుట్టడం నా పని. ఫోన్ వచ్చినప్పుడు చేతిలో ఉన్న జేబు సగమే కుట్టి ఉంది. దాన్ని మిషన్ కిందే వదిలేసి బస్సెక్కాను. ఆ తర్వాత అమ్మ దగ్గరే ఉంటూ రోజూ ఊరి నుంచే పనికి పోయొస్తున్నాను.

నాయన్ని చంపినవాడి కోసం కూతురు కోర్టుల చుట్టూ తిరుగుతోందని ఊళ్ళో నా మొహం మీదే అన్నారు. అననీ. మా నాయన నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రూపనగుడి బడి దగ్గర దింపిన మనిషి. ఆయన కోసం ఏడ్చినంత నేను ఇంకెవరి కోసమూ ఏడవలేదు. కానీ మా అన్నను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఆ నాయనే. ఊళ్ళో ఆ సంగతి గుర్తు పెట్టుకున్నది నేనొక్కదాన్నే.

అన్నకి ఇరవై రెండో ఏట మొదలైంది. నిద్ర పోయేవాడు కాదు, గోడతో మాట్లాడేవాడు, అన్నంలో ఏదో కలిపారని పళ్ళెం విసిరేసేవాడు. నాయన బళ్ళారి తీసుకుపోతే డాక్టరు చిన్న తెల్ల మాత్రలు రాసి, ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దని చెప్పి పంపారు. మూడు నెలలు వేసుకున్నాడు. మనిషి కుదుటపడ్డాడు, మళ్ళీ చేనికి పోయాడు. ఆ తర్వాత ఊరమ్మ జాతర వచ్చింది. ఆ సందడిలో వారం రోజులు మాత్రల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. డప్పులు మోగుతుంటే అన్న లేచి ఊగాడు, కేకలు పెట్టాడు, తూర్పు చేలో బోరు వేస్తే నీళ్ళు పడతాయన్నాడు. వేశారు, పడ్డాయి. ఊరికి అది చాలిపోయింది.

గుడి కమిటీ పెద్ద గాళెప్ప మా ఇంటికొచ్చి, అన్నను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకు మొక్కాడు. అమ్మవారు కొలువైన ఒంట్లోకి మందు పంపితే మైల అని మా అమ్మతో చెప్పాడు. ఆమె మిగిలిన మాత్రలూ, డాక్టరు రాసిన చీటీ తీసుకుపోయి గుళ్ళో అమ్మవారి పాదాల దగ్గర పెట్టి వచ్చింది. నాయన వద్దు వద్దని చెప్పి చూశాడు. ఆయన మాట ఎవరు చెవిన పెట్టారు గనక.

మా అమ్మను నేను ఊరికే తిట్టను. అంతవరకు కొట్రమ్మ అంటే మిరపకాయలు కోసే కూలి మనిషి. ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడే మాట్లాడేది. ఇప్పుడు ఊరే మా వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆ మర్యాద ఎంత కమ్మగా ఉంటుందో నాకూ తెలుసు, నేనూ అనుభవించాను. మా యూనిట్లో అందరినీ అరిచే సూపర్వైజరు నన్ను మాత్రం అరిచేవాడు కాదు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి ఎప్పుడవుతుందో మీ అన్నను అడిగి చెప్పమ్మా అనేవాడు. నేను అడిగి చెప్పేదాన్ని కూడా.

ఆరేళ్ళు అట్లా గడిచాయి. చివరి ఏడాది అన్న మా నాయన వైపు వేలు చూపించి, వీడు మా నాయన కాదు, నాయన తోలు కప్పుకుని వచ్చిన దొంగ అనేవాడు. అమ్మవారు పలుకుతోందని అందరూ దండం పెట్టారు. ఆ మాటకు అర్థమేమిటని అడిగినవాడు లేడు. నాయన ఒక్కడే అన్నకు ఎడంగా మసలుతూ, మళ్ళీ ఆసుపత్రికి పోదామని అమ్మను బతిమాలుతూ ఉండేవాడు.

కేసు నడిచినప్పుడు సర్కారు మా తరఫున పెట్టిన వకీలు చెప్పాల్సింది చెప్పాడు. మతి లేని స్థితిలో చేసింది నేరం కాదని చట్టంలో ఉంది. కానీ చేసిన ఆ గడియలో తానేం చేస్తున్నాడో గానీ, అది తప్పని గానీ అన్నకు తెలియదని మేమే చూపించాలి. డాక్టరు చీటీ లేదు. పోలీసులు అన్నను ఏ డాక్టరుకూ చూపించలేదు. మిగిలింది మా అమ్మ. నీ కొడుకుకి పిచ్చి ఉందా అని సర్కారు తరఫు వకీలు అడిగాడు.

"నా కొడుకు పిచ్చోడు కాదు సామీ. వాని మైమీదికి అమ్మ వస్తాది. అమ్మ లేనప్పుడు వాడు బంగారం," అంది మా అమ్మ.

వెనక బెంచీలో గాళెప్ప తల ఊపాడు. కన్నతల్లే మతి బాగుందని చెబుతోంది కదా అని తీర్పులో రాశారు. ఇంకొకటి కూడా రాశారు. పార మా ఇంట్లో దేవుడి మూలలో, శుభ్రంగా కడిగి పెట్టి ఉంది. నెత్తురు కడిగాడంటే చేసింది తప్పని తెలిసినట్టే కదా అని.

ఆ తీర్పు నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మేం జేబు వంకరగా కుడితే కుట్టు విప్పి మళ్ళీ కుడతాం, ప్యాంటు పారెయ్యం. ఇదీ విప్పి కుట్టాల్సిన పనే అని నాకు అనిపించింది. చదవగా చదవగా పంచనామాలో ఒక మాట దొరికింది. పార మీద పసుపు మరకలు ఉన్నాయని రాసి ఉంది. నెత్తురు దాచుకునేవాడు పసుపెందుకు పూస్తాడు? అమ్మను అడిగాను. తెలీదు అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తెలుసని నాకు అర్థమైంది. ఎంత సతాయించినా నోరు విప్పలేదు.

అప్పీలు ధారవాడ హైకోర్టు బెంచికి పోవాలి. అక్కడ గురురాజ్ అనే వకీలు కాగితాలన్నీ చదివి కేసు తీసుకుంటానన్నాడు. వకాలతు మీద అన్న సంతకం కావాలన్నాడు. బళ్ళారి జైలుకు పోయాను. జైలు డాక్టరు రెండేళ్ళుగా అన్నకు మందులిస్తున్నారు. చూపు నిలకడగా ఉంది, మాట తిన్నగా ఉంది. అయితే ఆ తిన్నని మాటతోనే సంతకం చెయ్యనన్నాడు.

"నాయన్ని చంపినోన్ని నేనే గదా పాపా. ఈడనే ఉంటా. నాకేం అప్పీలొద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మందు లేనప్పుడు ఊరంతా అతని మాట వింది. మందు వేసుకుని తెలివిలోకి వచ్చి ఇప్పుడు ఈ మాట అంటున్నాడు.

"నువ్వు చంపలేదని నేను అంటలే," అన్నాను. "చంపినప్పుడు నువ్వు యాడుంటివి అని అడుగుతాండా. అది జడ్జి గూడా అడగల్ల. సంతకం పెట్టు. నాయన నిన్ను డాక్టరు కాడికి పిల్చుకపోయింది జైల్లో కూచోబెట్టేకి కాదు."

నాయన పేరు ఎత్తితే ఏడ్చాడు. ఏడుస్తూనే సంతకం చేశాడు.

గురురాజ్ గారు తేల్చి చెప్పింది ఒకటే. జైలు డాక్టరు ఇప్పటి జబ్బు గురించి చెప్పగలడు, ఆనాటి గంట గురించి చెప్పలేడు. ఆనాడు అన్న ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది మా అమ్మ ఒక్కతే. ఆమెను మళ్ళీ విచారించాలని ఆయన హైకోర్టులో అర్జీ పెట్టారు. సర్కారు వకీలు అడ్డం పడ్డాడు. అయినా కోర్టు ఒప్పుకుంది. డాక్టరు సాక్ష్యం, అమ్మ సాక్ష్యం బళ్ళారి కోర్టులోనే తీసుకుని ధారవాడకు పంపమంది. ఆమె ఈసారి కూడా ఆ పాత మాటే చెబితే ఇంక తన చేతిలో ఏమీ ఉండదని గురురాజ్ గారు నాతో ముందే అన్నారు.

అమ్మ ససేమిరా అంది. అమ్మవారిని జబ్బు అంటే కళ్ళు పోతాయంది. మూడు రోజులు నేనూ ఆమే అరుచుకున్నాం. నాలుగో రోజు వాదించడం మానేసి, పద, నీ కొడుకును చూసొద్దాం అని బస్సెక్కించాను. జైలుకు వచ్చినప్పుడల్లా ఆమె కొంగున అన్నకు పెట్టడానికి అమ్మవారి పసుపు బండారు ముడేసుకుని వస్తుంది. ఆ రోజూ తెచ్చింది. ఇనప జాలీ అవతల అన్న కూర్చున్నాడు. తిన్నావా, పడుకున్నావా అని అడిగి, గొంతు తగ్గించి అసలు సంగతి అడిగింది.

"అమ్మ వస్తాందా, నాయనా?"

"రాలేదమ్మా. మాత్రలేసుకోబట్టి ఒక్కసారి గూడా రాలేదు," అన్నాడు అన్న. "నాయన తెచ్చిండె చూడు, చిన్న తెల్ల మాత్రలు. ఇవీ అవేనమ్మా."

మా అమ్మ బండారు ముడి విప్పలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. మా ఊరి స్టాపులో దిగాక, సాక్ష్యం ఎప్పుడు చెప్పాలని అడిగింది. తేదీ చెప్పాను. సరే అని ముందు నడిచింది.

కోర్టు సమన్లు మా ఇంటికి రాగానే ఆ సంగతి గాళెప్పకు తెలిసింది. మర్నాడు పొద్దున్నే ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. ఊరమ్మ మీద నింద వేస్తే ఊరు ఊరుకోదని ఆయన చాలాసేపు చెప్పాడు. ఆ బోరు నీళ్ళు తాగుతున్నారు, రుద్రేశ్ నోటితో చెప్పిన తీర్పుల మీద ఎన్ని తగాదాలు తెగాయో, అదంతా పిచ్చి కూతలని కోర్టులో రాయిస్తే ఊరి పరువేం కావాలని అడిగాడు. చివరికి అసలు మాటకు వచ్చాడు.

"నువ్వు ఆ మాట చెప్తే, కొట్రమ్మా, ఇంక మీ ఇంటి టెంకాయ గుళ్ళో కొట్టేది లేదు."

అమ్మ చేతిలోంచి చాట జారింది. బియ్యం నేల మీద పోయాయి. ఆమె వాటిని ఎత్తకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. భయపడిందనుకున్నాను, ఇంక సాక్ష్యం చెప్పదనుకున్నాను. ఆ భయం నా నోటి నుంచి కోపంగా బయటికొచ్చింది.

"గాళెప్పా, ఆరేండ్లు మా యన్న నోటితో ఊరంతా తీర్పులు చెప్పించుకుంటిరి. ఆయన నాలుగేండ్లుగా జైల్లో ఉండాడు. మీలో ఒక్కరన్నా చూసేకి వస్తిరా? నిజంగా అమ్మే ఆ ఒంట్లో ఉంటే, మీ అమ్మను జైల్లో పెట్టి ఈడ జాతర ఎట్ల చేస్తిరప్పా?"

ఆయన ఆడపిల్ల నోరు ఎక్కువైందని వెంట వచ్చిన వాళ్ళతో అంటూ వెళ్ళిపోయాడు. నేను బియ్యం ఎత్తి చాటలో పోశాను.

విచారణ రోజున ఊరి నుంచి పదిమంది వచ్చారు. గాళెప్ప ఆ పాత బెంచీలోనే కూర్చున్నాడు. జైలు డాక్టరు సాక్ష్యం ముందు అయిపోయింది. ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు, ఏళ్ళ కిందటిదే అని ఆయన చెప్పారు. తర్వాత అమ్మను పిలిచారు. బోనులోకి ఎక్కుతూ కొంగు భుజం మీదుగా తెచ్చి నడుముకు దోపుకుంది. చేనికి పనికి దిగేటప్పుడు అట్లా దోపుకుంటుంది.

ఆ రోజు రుద్రేశ్ ఇంటికొచ్చాక ఏం చేశాడో చెప్పమన్నారు గురురాజ్ గారు.

"పార కడిగినాడు సామీ. కడిగి, పసుపు కుంకం పెట్టి, అమ్మ పటం ముందర పెట్టినాడు. జాతరలో పొట్టేలు కోసినాక కత్తికి పెడతారే, అట్ల. పెట్టి నన్ను పిల్చినాడు." ఆమె అక్కడ ఆగింది. మంచినీళ్ళు కావాలా అని జడ్జి గారు అడిగారు. వద్దంది. "టెంకాయ చేతిలోకి తీసుకున్నాడు. అమ్మా, ఆ దొంగ పోయినాడు, ఇంక నాయన ఇంటికి రావచ్చు. నాయన్ని పిలువు, టెంకాయ కొట్టల్ల, అన్నాడు."

మా ఇళ్ళల్లో టెంకాయ ఇంటి పెద్దే కొడతాడు. నాయన ఉండగా అన్న ఏనాడూ కొట్టినవాడు కాదు. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం, ఈ మాట ఆమె నాకు చెప్పలేదు.

"చేని కాడ ఏమాయెనో నాకప్పటికి తెలీదు సామీ. ఆ టెంకాయ పట్టుకోని అరుగు మింద కూచున్నాడు. మీ పోలీసులు వచ్చేంతవరకు వాకిలి తట్టే చూస్తా కూచున్నాడు. వాండ్ల నాయన వస్తాడని."

అరుగు మీద కూర్చుని ఉన్నాడని పోలీసులు రాశారు. చేతిలో టెంకాయ ఉందని ఎవరూ రాసుకోలేదు. అది వాళ్ళకు సాక్ష్యంలా కనపడలేదు.

సర్కారు వకీలు లేచాడు. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా అని గద్దించాడు. ఇన్నేళ్ళు ఈ టెంకాయ కథ ఏమైంది, కూతురు నేర్పించిందా అన్నాడు. నేను లేవబోయాను. గురురాజ్ గారు చేత్తో కూర్చోమని సైగ చేశారు.

"నేర్పిస్తే వచ్చే మాట కాదు సామీ ఇది," అంది అమ్మ. "అప్పుడు చెప్పింటే అమ్మకి చెడ్డపేరు వస్తాదని చెప్పలేదు. మా ఇంటి మర్యాద పోతాదని చెప్పలేదు. మాత్రలు నిలిపింది నేను. వాండ్ల నాయన వద్దు వద్దంటాన్నా నేనే నిలిపినా. ఆయప్ప సచ్చింది నా వల్ల. శిక్ష ఎయ్యల్లంటే నాకెయ్యండి."

తర్వాత ఆమె జడ్జి గారి వైపు నుంచి తిరిగి వెనక బెంచీ వైపు చూసింది. ఇటు చూసి మాట్లాడమ్మా అని ఎవరో అన్నారు. ఆమె వినిపించుకోలేదు.

"గుళ్ళో అమ్మ గుళ్ళోనే ఉండాది, గాళెప్పా. నా కొడుకు మింద ఉండింది జబ్బు. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

గాళెప్ప తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు. మా అమ్మ వేలిముద్ర వేసి, బోను దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకోవాలా, నాకెందుకు చెప్పలేదని నిలదీయాలా తెలియలేదు. చెయ్యే పట్టుకున్నాను. నిలదీయడం తర్వాత కూడా చెయ్యలేదు.

మూడు నెలలకి ధారవాడ నుంచి గురురాజ్ గారు ఫోన్ చేశారు. శిక్ష కొట్టేశారు. నెత్తురు దాచుకోవడానికి పార కడిగినవాడు దానికి పసుపు కుంకుమ పెట్టడు, తాను చంపింది తండ్రినని తెలిసినవాడు ఆ తండ్రినే టెంకాయ కొట్టడానికి పిలవమనడు అని రాశారట. చేసింది అతనే, కానీ చేసిన వేళ అతనికి తెలివి లేదు కాబట్టి నేరస్తుడు కాదన్నారు. ఇంటికి పంపరు. ధారవాడలోనే ఆసుపత్రిలో ఉంచి, ఇంక భయం లేదని డాక్టర్లు చెప్పేదాకా వైద్యం చేయిస్తారు. మాకు కావాల్సింది కూడా అదే. మిషన్ల రొదలో నేను ఆయనతో రెండుసార్లు చెప్పించుకుని విన్నాను.

అన్నను అక్కడికి మార్చాక వచ్చిన శుక్రవారం అమ్మ తలస్నానం చేసి, టెంకాయ ఒకటి పళ్ళెంలో పెట్టుకుని గుడికి బయల్దేరింది. నేనూ వెంట పోయాను. గాళెప్ప మెట్ల మీద అడ్డం నిలబడి, మాట మాటే, మీ టెంకాయ లోపలికి రాదు అన్నాడు. నలుగురూ చేరారు. అమ్మ వాదించలేదు. పళ్ళెం నా చేతికిచ్చి, టెంకాయ తీసుకుని, కింద మెట్టు రాతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. మొగుడు పోయిన ఆడమనిషి గుడి ముందర టెంకాయ కొట్టడం మా ఊరు అంతకు ముందు చూడలేదు. నీళ్ళు గాళెప్ప పాదాల మీద చిందాయి. ఒక చిప్ప మెట్టు మీద పెట్టి దండం పెట్టుకుంది. రెండోది కొంగున కట్టుకుంది.

ఆదివారం రైల్లో ధారవాడ పోయాం. ఆసుపత్రి వరండాలో అన్న పక్కన కూర్చుని అమ్మ మూట విప్పింది. అన్న కొబ్బరి చిప్పను చూసి చెయ్యి చాపలేదు.

"ఎవరు కొట్టిరమ్మా?" అన్నాడు.

"నేనే కొట్టినా. మీ నాయన ఇంక రాడు నాయనా. ఇంక నేనే కొడతా."

అన్న చిప్ప తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పంటితో ఒక ముక్క కొరికి నమిలాడు. ఇంతలో నర్సు మాత్రలు తెచ్చింది. అమ్మ వాటిని తన చేతిలోకి తీసుకుని, తనే ఇచ్చి, నీళ్ళు తాగించింది. మింగాడో లేదో నోరు తెరిపించి చూసింది.